ఓజెల్లా చెప్పని చోటు

ఓజెల్లా ప్రాథర్ చేపలకు ఎటు పోతోందో పాస్టరు అడిగినా నిజం చెప్పదు. తాళి లాంటిదేమీ కట్టకపోయినా ఉంగరం తొడిగి ఇంటికి తెచ్చుకున్న మొగుడు హోసియా అడిగినా చెప్పదు. పెల్లాహోమా జలాశయం చుట్టుపక్కల క్రాపీ చేపలు పట్టేవాళ్లంతా అంతే. పైకి పోతుంటే కిందికంటారు, కిందికి పోతుంటే పైకంటారు. ఆదివారం చర్చిలో చేతులెత్తి పాడిన మనిషే సోమవారం రేవులో “ఎక్కడ పడుతున్నాయి?” అని ఎవరైనా అడిగితే, నవ్వు చెదరకుండా ఎదురు దిక్కు చూపిస్తాడు. అడిగినవాడు నమ్మడు. చెప్పినవాడు, నమ్ముతాడని అనుకోడు. ఆ ఊళ్లలో దాన్ని ఎవరూ అబద్ధం కింద జమకట్టరు.

కానీ ఓజెల్లా అందరికంటే రెండాకులు ఎక్కువ చదివింది. ఉత్తరపు ఒడ్డున సైప్రస్ చెట్ల పాయలో ఆమెకో చోటుంది. అక్కడికి పోవాలంటే ఉత్తరపు రేవులో పడవ దింపితే పదినిమిషాల పని. ఆమె మాత్రం దక్షిణపు ఒడ్డున వుల్ఫ్ క్రీక్ అనే వాగు రేవులో బండి పెడుతుంది, అందరికీ కనిపించేలా. పడవ దింపి, ముక్కు క్రీక్ లోపలికి తిప్పి, మలుపు దాటాక ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, ఒడ్డు వెంట నక్కి నక్కి జలాశయం దాటుతుంది. పెట్రోలు దండగ, నడుం నొప్పి. అయినా సరే. చిన్నప్పుడు వెదురు గెడ చేతికిచ్చి గట్టుమీద కూర్చోబెట్టిన అమ్మమ్మ ఎర గుచ్చడం నేర్పిన రోజే ఇదీ నేర్పింది. “ఎవరైనా అడిగితే అటు చూపించవే పిల్లా,” అని చెయ్యి పట్టుకుని మరీ తిప్పి చూపించింది.

ముప్పై ఏళ్లు బడి వంటశాలలో పెద్ద పెద్ద గుండిగలు తిప్పి, మోకాళ్లు అరగదీసుకుని ఇంటికొచ్చిన మనిషి ఓజెల్లా. పిల్లలు లేరు. చర్చిలో ఎవరికి జబ్బు చేసినా, ఎవరింట్లో చావు జరిగినా, మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన ఆమె క్రాపీలు ఆ ఇంటికి చేరాల్సిందే. ముళ్లు ఒక్కటి తగలదు. “మిస్ ఓజెల్లా చేపలు” అంటే ఆ ఊళ్లో ఒక గౌరవం. ఆ గౌరవం మీద ఆమెకు చాలా మోజు. లేదంటే నమ్మకండి.

ఆమెకు పడనిది ఒక్క ఎర్లీన్ టబ్స్. ఒకప్పుడు ఇద్దరూ తెల్ల చేతితొడుగులు వేసుకుని చర్చి గుమ్మం దగ్గర పక్కపక్కనే నిలబడి జనాన్ని కూర్చోబెట్టేవాళ్లు. ఒక చలికాలం ఓజెల్లా తన చోటులో ముంచిన కంపలో పరాయి ఎర ఒకటి తగులుకుని ఉండటం చూసింది. గాలం గుండుకు ఎరగా కట్టే గులాబీ రంగు కుచ్చు. అలాంటి కుచ్చులు కట్టేది ఆ చుట్టుపక్కల ఎర్లీన్ ఒక్కతే. నీళ్లడుగున చెట్లు ముంచి చేపలకు ఇల్లు కట్టడం ఒకరు పడే చాకిరీ. మరొకరు వచ్చి దానిమీద గాలం వేయడం అక్కడి లెక్కలో దొంగతనం కంటే హీనం. ఆ ఆదివారమే ఓజెల్లా గుమ్మం అవతలి వైపుకు మారి నిలబడింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. కనబడ్డవాళ్లందరితో మాత్రం ఎర్లీన్ దొంగ అని చెప్పింది.

ఫిబ్రవరి మొదట్లో మూడు రోజులు వాన కొట్టి వెలిసింది. వెనకే ఉత్తరపు గాలి తిరిగింది. జలాశయం పాలు తక్కువ పోసిన కాఫీలా తయారైంది. అలాంటి నీళ్లు చూస్తే చాలామంది గాలాలు సర్దేస్తారు. ఓజెల్లా పొద్దున్నే బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది.

“ఈ చలిలో బుద్ధున్నవాళ్లెవరైనా నీళ్లమీదికి పోతారా?” అన్నాడు హోసియా, గిన్నెలో జావ కలుపుకుంటూ.

“బుద్ధున్నవాళ్లంతా ఇంట్లో ఉంటారు కాబట్టే నాకు చేపలు మిగులుతున్నాయి.”

“ఎటు?”

“వుల్ఫ్ క్రీక్ లోపలికి.”

“మధ్యాహ్నానికల్లా వచ్చేస్తావా?”

“నీకింత ముద్ద పెట్టాలిగా, రాక ఎక్కడికి పోతాను?”

హోసియాకు నీళ్లంటే భయం. ఈత రాదు, పడవ ఎక్కడు. ఆమె తెచ్చిన చేపలు తింటాడు, ఆమె చెప్పిన మాట నమ్ముతాడు. ఈ రెండూ పెళ్లయిన నాటినుంచీ ఒక్కలాగే సాగుతున్నాయి.

పాయలో గాలి లేదు. బూడిదరంగు సైప్రస్ మొదళ్ల మధ్య నీళ్లు కదలకుండా ఉన్నాయి. బురద నీటిలో క్రాపీకి కళ్లు ఆనవు. అందుకని తిరగదు, లోతుకు పోదు. కొమ్మకు ఒళ్లు ఆనించి నిలబడిపోతుంది. గాలం దాని మూతి ముందుకు దించాలి, దించి ఊరుకోవాలి. ఓజెల్లా పొడుగాటి కర్ర చివర నుంచి మూరెడు తీగ వదిలి, పచ్చటి కుచ్చు కట్టిన సీసపు గుండును కంపలోకి దించింది. చేతులు కొంకర్లు పోతున్నాయి. ఒళ్లంతా కళ్లు చేసుకుని తీగనే చూస్తోంది. క్రాపీ లాగదు. ఎరను నోట కరుచుకుని కాస్త పైకి లేస్తుంది. తీగ వదులవుతుంది, అంతే. ఆ వదులు పసిగట్టినవాళ్లకే చేప.

తీగ వదులైంది. నెమ్మదిగా ఎత్తింది. కాగితంలాంటి మూతి, గుంజితే చిరిగిపోతుంది. పళ్లెమంత క్రాపీ బురద ఓడుతూ పడవలో పడింది. వెంటనే ఇంకోటి. మరోటి. “రండి తల్లీ రండి,” అంటూ ఒక్కతే నవ్వుకుంది.

ఆ తర్వాత దించినప్పుడు గాలం కొమ్మకు తగులుకుంది. పడవ జరగకుండా ఎడంచేత్తో గుంజను పట్టుకుంది. ఆ గుంజ తాను పాతిందే, ఎన్నేళ్లుగానో పట్టుకుంటున్నదే. కుడిచేత్తో కర్రను కిందికి పొడుస్తూ, గాలం విడిపించడానికి బాగా ముందుకు వంగింది. ఒంటికి కట్టుకోవలసిన తేలుడు చొక్కా పిర్రల కింద మెత్తగా ఉంటుందని పరుచుకుంది. గుంజ పుటుక్కున విరిగింది.

నీళ్లలో పడ్డానని ముందు ఆమెకు తెలియలేదు. ఎవరో గుండెమీద బండరాయి వేసినట్టయింది. నోరు దానంతటదే తెరుచుకుంది, బురద నీళ్లు గొంతులోకి పోయాయి. పీల్చిన ఊపిరి బయటికి రాదు, బయటికి పోయింది లోపలికి రాదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. ఏది పైనో ఏది కిందో అంతుబట్టలేదు. కాళ్లు ఎక్కడో మెత్తగా దిగబడ్డాయి. తన్నింది. తల పైకి వచ్చింది. నీళ్లు రొమ్ముల దాకానే ఉన్నాయి. చావడానికి అంత లోతు అక్కర్లేదని అప్పుడు అర్థమైంది, ఎందుకంటే అడుగున బురద మోకాళ్లను పట్టుకుని వదలడం లేదు.

“హోసియా!” అని అరిచింది. హోసియా ఎక్కడున్నాడని? ఆ పేరు తప్ప వేరే మాట నోటికి రాలేదు.

పడవ ఆమె పడ్డ ఊపుకు వెనక్కి జరిగి, గాలి తగిలే చోటికి పోయి, మెల్లగా జలాశయం నడుమకు సాగిపోతోంది. తిండి సంచీ అందులోనే. ఫోను ఆ సంచీలోనే. పట్టిన చేపలు అందులోనే టపటపా కొట్టుకుంటున్నాయి. పడవ పోతుంటే ఓజెల్లా నోరు వెళ్లబెట్టి చూస్తూ నిలబడిపోయింది.

పాయ మొగలో బాతుల వేటగాళ్లు కట్టిన మంచె ఒకటుంది. వేట రోజులు అయిపోయాయి, దాంట్లో మనుషులు లేరు. ఒక బూటు బురదకు వదిలేసి, కంప పట్టుకుని, మోకాళ్లమీద పాకి, పళ్లు పటపటా కొట్టుకుంటుంటే మంచె మెట్లు ఎక్కింది. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. లోపల ఎండు రెల్లు, ఒక పాత గోనెపట్టా ఉన్నాయి. తడికోటు తీయబోతే వేళ్లు గుండీలకు పట్టు దొరకలేదు. తడికోటు మీదే పట్టా కప్పుకుని మూలకు ముడుచుకుంది.

మధ్యాహ్నం దాటాక రెల్లు సందులోంచి అవతలి ఒడ్డు చూసింది. వుల్ఫ్ క్రీక్ రేవులో బళ్లు. ఎర్రదీపం తిరుగుతున్న బండి ఒకటి. నీళ్లమీద రెండు పడవలు, మూడు పడవలు. ప్రాణం లేచొచ్చింది. నన్ను వెతుకుతున్నారు! లేచి, పట్టా ఊపుతూ గొంతు చించుకుని అరిచింది. ఆ మంచె కంటికి ఆనకుండా ఉండేందుకే కట్టింది, బాతులనే మోసం చేసేది. ఆమె అరుపు అంత దూరం పోయి పడవల ఇంజన్ల మోతలో కలిసిపోయింది.

తర్వాత ఆ పడవలు పోతున్న తీరు చూసింది. చాలు చాలుగా, దుక్కి దున్నుతున్నట్టు పోతున్నాయి. గబగబా పోవడం లేదు. ఒక్కో పడవ వెనక ఒకడు నిలబడి గొలుసు పట్టుకున్నాడు. చర్చి పెద్ద డీకన్ గారి అబ్బాయి మునిగిపోయినప్పుడు ఓజెల్లా గట్టున నిలబడి చూసింది. గొలుసులకు కొక్కేలు కట్టి అడుగున ఈడుస్తారు. అది బతికున్న మనిషి కోసం చేసే పని కాదు.

ఊపుతున్న పట్టా దించేసింది. చలి ఏమైందో తెలియలేదు. అక్కడ వెతుకుతున్నది నన్నే. నా శవాన్ని. నేను చెప్పిన చోట. ఇటువైపు ఒక్క పడవ కూడా రాదు, ఎందుకొస్తుంది? వుల్ఫ్ క్రీక్ అని తానే చెప్పింది, బండిని సాక్ష్యంగా పెట్టి మరీ వచ్చింది. రేవులో బళ్ల మధ్య నిలబడ్డ మనుషుల్లో ఒకడు మిగతావాళ్లకు దూరంగా, నీళ్ల అంచునే ఉన్నాడు. అంత దూరంనుంచి మొహం తెలియదు. నీళ్లంటే భయపడే మనిషి నీళ్లకు అంత దగ్గరగా ఎందుకు నిలబడ్డాడో ఆమెకు తెలిసింది. ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి దవడలు కలవలేదు.

ఒళ్లు వణకడం తగ్గుతోంది. అది మంచిది కాదని తెలిసేపాటి బుర్ర ఇంకా పనిచేస్తోంది. అప్పుడు ఇంజను మోత వినబడింది. అటు కాదు, వెనకనుంచి, పాయలోంచి.

ఆ పాయలో నీళ్ల కింద మొద్దులు బోలెడు. నీళ్లు తేటగా ఉన్న రోజే ఇంజను రెక్కలు విరుగుతాయి. ఈ బురదలో పడవ వేగం తగ్గించకుండా, పాములా మెలికలు తిరుగుతూ, ఒక్క మొద్దుకు తగలకుండా వస్తోంది. నడుపుతున్నది ఎర్లీన్ టబ్స్. చావు అంచున కూర్చున్న మనిషికి ముందు దేవుడు గుర్తుకు రావాలి. ఓజెల్లాకు ముందు వచ్చిన ఆలోచన ఇది: దీనికి ఈ దారి ఇంత బాగా ఎలా తెలుసు?

“ఏమే ముసలిదానా, ఉన్నావా పోయావా?” కేకేసింది ఎర్లీన్. 

“న్... నువ్వు...”

“తర్వాత తిడుదువుగాని. ఇటు కాలు పెట్టు. అది కాదు, రెండోది. ఓరి దేవుడా, బూటేదే?”

పడవలోకి లాగి, తడికోటు ఒలిచి పారేసి, తన కోటు తొడిగి, ఫ్లాస్కులో పంచదార కాఫీ గొంతులో కాస్త కాస్త పోసింది. ఓజెల్లా మూడు గుక్కలు మింగింది. నాలుగో గుక్కకు మాట పెగిలింది.

“దొంగముండా. నా కంప మీద పడుతున్నావు. నాకు తెలుసు.”

ఎర్లీన్ ఫ్లాస్కు మూత బిగిస్తూ ఆగింది.

“నీ కంపా? ఏ కంపే?”

“నేను పాతిన గుంజ... విరిగి...”

“విరగదూ మరి? కుళ్లిపోతే విరుగుతుంది. నీ నడుం పడిపోయాక నువ్వొక్క కొమ్మైనా ముంచావా ఇక్కడ? నీ కంపంతా బురదైపోయి ఎన్నాళ్లైంది! ఏటా ఆకులు రాలే రోజుల్లో సీడర్ చెట్లు నరికి, సిమెంటు దిమ్మలు కట్టి, ఈ పడవలో ఒక్కదాన్నే మోసుకొచ్చి ముంచేది నేను. మొదట్లో నీ కంప మీద పట్టాను, అవును, కాదనను. తర్వాత నువ్వు పడుతున్నదంతా నా కంప మీదే. నీ చేపలు, నీ చేపలని చర్చిలో ఊరేగుతున్నావే, అవెక్కడివనుకున్నావు?”

ఓజెల్లాకు నీళ్లలో పడ్డప్పుడు పోయిన ఊపిరి మళ్లీ పోయినట్టయింది. ఇన్నేళ్లు ఊరంతా తిరిగి దొంగ అని చాటింది తాను. ఆ దొంగ ముంచిన చెట్లమీద బతికింది తాను.

“మరి ఎందుకు... చెప్పలేదు?”

“చోటు సంగతి ఎవరైనా చెప్తారా?” అంది ఎర్లీన్, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎప్పుడూ వినలేదన్నట్టు. “హోసియా ఫోన్ చేసి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరికో నీ పడవ నడుమన ఒట్టిదే తేలుతూ దొరికిందట. నీ ఫోను మోగుతుంటే వాడే ఎత్తి చెప్పాడట. ‘వుల్ఫ్ క్రీక్‌కి పోతానంది ఎర్లీన్’ అన్నాడు. అలా అన్నావంటే వుల్ఫ్ క్రీక్ తప్ప ఎక్కడైనా ఉంటావు.”

“షెరిఫ్ పోలీసులకు చెప్పావా, ఇక్కడని?”

ఎర్లీన్ ఇంజను తాడు లాగింది. “చెప్తే ఆ పడవలన్నీ ఇక్కడికొస్తాయి. రేపు జిల్లా మొత్తం ఇక్కడే గాలాలు వేస్తుంది. నేనే వచ్చాగా.”

ఓజెల్లా తలూపింది. ఈ కథ చెబుతున్న నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే: ప్రాణం మీదికొచ్చిన మనిషికి ఆ మాట సబబుగానే తోచింది.

వుల్ఫ్ క్రీక్ రేవులో జనం విరగబడ్డారు. అంబులెన్సు వాళ్లు దుప్పట్లు చుట్టారు, చంకల్లో వేడి సంచులు పెట్టారు. షెరిఫ్ పంపిన ఒక డెప్యూటీ, బురదలో నానిన ప్యాంటుతో, దగ్గరికి వచ్చాడు.

“ఎక్కడ దొరికారు మేడమ్?”

“క్రీక్ మూల దాటాక, ఆ రెల్లు గట్టున,” అంది ఎర్లీన్, రెప్ప వేయకుండా.

“మేం అటు మూడుసార్లు తిరిగామే.”

“రెల్లులో పడుంది. మీకు కనబడి ఉండదు. అవునా ఓజెల్లా?”

“అవును,” అంది ఓజెల్లా.

హోసియా వెనకాలే నిలబడి విన్నాడు.  దుప్పటి అంచు సర్దాడు. పొద్దున జావ తిన్న మనిషికీ ఈ మనిషికీ పదేళ్ల తేడా కనిపించింది. అంబులెన్సులో పడుకోమంటే ఓజెల్లా ససేమిరా అంది. ఆసుపత్రికి తానే తీసుకుపోతానన్నాడు హోసియా. బండిలో వేడి పూర్తిగా పెట్టాడు. కొంత దూరం పోయాక, పత్తి గిడ్డంగి ముందు బండి పక్కకు తీసి ఆపాడు.

“ఎక్కడ పడ్డావు?”

“ఎర్లీన్ చెప్పిందిగా. క్రీక్ మూల దాటాక...”

ఆలోచించి అన్న మాట కాదది. నోరు దానంతటదే పలికింది. పలికాక ఓజెల్లా ఉలిక్కిపడింది.

హోసియా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

“ఎర్లీన్ పడవ ఉత్తరం నుంచి వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను, వేరే చూడ్డానికేముంది నాకు?” అన్నాడు. “ఒకసారి కొక్కేనికి బరువుగా ఏదో తగిలింది. ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి, ‘సార్, మీరు కాస్త అటు తిరగండి’ అన్నాడు. నేను తిరగలేదు. పైకి లాగారు. చెట్టు మొద్దు. నాచు పట్టి, నల్లగా... ముందు అది నువ్వే అనుకున్నా. దాని జుట్టు చూశా ఓజెల్లా. మొద్దుకి జుట్టు చూశా నేను.”

 ఓజెల్లా దుప్పట్ల కింద మళ్లీ వణకడం మొదలుపెట్టింది. అతని చెయ్యి పట్టుకోబోతే వేళ్లు సరిగా మూసుకోలేదు.

ఆమె అద్దంలోంచి ఒకసారి బయటికి చూసింది. రోడ్డుమీద ఎవరూ లేరు. గొంతు తగ్గించి, పుట్టాక మొదటిసారి ఆ చోటు చెప్పింది. ఉత్తరపు ఒడ్డు, సైప్రస్ పాయ, మొగలో బాతుల మంచె, దానికి ఎడంగా విరిగిన గుంజ, అక్కడ కంప. ఆ కంప ఎర్లీన్‌దని కూడా చెప్పింది. ఎలా పడిందీ, ఎలా పాకిందీ, పడవలు తనకోసం దున్నుతుంటే ఎక్కడినుంచి చూసిందీ, అంతా. కన్న తల్లికి చెప్పనిది, అమ్మమ్మ నేర్పిన దాన్ని మీరి చెప్పింది. చెప్పి, అతని మొహంలోకి చూసింది.

హోసియా హీటరు గాలి ఆమె వైపుకు తిప్పాడు.

“ఇది నిజమేనా?” అని అడిగాడు.

అందులో వెక్కిరింపు లేదు. కోపం కూడా లేదు. అతను తెలియకే అడుగుతున్నాడు.

“నిజం,” అంది ఓజెల్లా. నిజం చెప్పినప్పుడైనా తన గొంతు వేరేగా పలుకుతుందేమోనని చెవి పెట్టి విన్నది. ఏ తేడా లేదు.